ఆరడుగుల దూరం

చిరంజీవి బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి పెళ్లిళ్లకి, పసిపిల్లలకి ఫోటోలు తీస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. ముందు గుండె గుభేలుమంది. ఫోన్ పెట్టేశాక మాత్రం కళ్లు చెమర్చాయి. అమలాపురంలో ముప్ఫయ్యేళ్లు స్టూడియో నడిపినవాడి మేనకోడలివి మరి. ఆర్నెల్ల ఖర్చు చేతిలో ఉంచుకుని మానెయ్యి. ఇక ఆ మాట ఎత్తను.

నీది నికాన్ క్రాప్ బాడీ కదా, అంటే లోపలి సెన్సరు పాత ఫిల్ము ఫ్రేము కంటే చిన్నది. అందుకే దాని మీద 50 ఎంఎం లెన్సు 75లా, 85 లెన్సు 127లా ఇంకాస్త దగ్గరగా చూపిస్తుంది. ముందు 50 ఎంఎం, ఎఫ్ 1.8 కొనుక్కో. ధర తక్కువ. ఎఫ్ అంకె చిన్నదయ్యేకొద్దీ లెన్సు ఎక్కువ వెలుతురు లోపలికి రానిస్తుంది, కాబట్టి వెలుతురు చాలని మండపంలోనూ ఆదుకుంటుంది. 85కి తొందరపడకు, మన ఇళ్ల గదుల్లో వీపు గోడకి తగులుతుంది. కెమెరాతో వచ్చిన కిట్ లెన్సుని అన్నిటికంటే వెడల్పుగా చూపే 18 మీద పెట్టి మాత్రం ఎవరి ముఖం దగ్గరికీ వెళ్లకు తల్లీ.

మన హాల్లో తాతయ్య పటం ఉంది కదా. ఆయన ముక్కు అలా ఉండేది కాదు. 1991లో ఒక గృహప్రవేశానికి గ్రూపు ఫోటో తీసి వచ్చాను, కెమెరాకి గ్రూపులకి వాడే వెడల్పాటి 28 లెన్సు ఉంది. నాన్న ఇస్త్రీ పంచె కట్టుకుని వీధి అరుగు మీద కూర్చున్నారు. "ఒరేయ్, నాదీ ఒకటి తియ్యరా" అన్నారు. ఆయన నోరు తెరిచి అడగడం అదొక్కసారే. లెన్సు మార్చడానికి బద్ధకించాను. ముఖం ఫ్రేము నిండా రావాలని అడుగున్నర దూరానికి జరిగి నొక్కేశాను. ముక్కు ఉబ్బింది, చెవులు వెనక్కి పోయాయి, బుగ్గలు పీక్కుపోయాయి. ప్రింటు చూసి "మళ్లీ తీస్తాలే నాన్నా" అన్నాను. నెల తిరక్కుండానే ఆయన పోయారు.

పెద్దకర్మకి పటం కావాలంటే విడిగా ఆ ఒక్క నెగెటివే ఉంది. డార్క్‌రూములో నా చేత్తోనే పెద్దది చేశాను. డెవలపర్ ట్రేలో ముందు మీసం తేలింది, తరవాత కళ్లు, ఆఖర్న ఆ ముక్కు. నువ్వు పుట్టాక తాతయ్యని చూసింది ఆ పటంలోనే.

అదే 28తో ఆరడుగులు వెనక నిలబడి, ప్రింటులో ముఖం వరకూ పెంచుకున్నా ఆయన ముఖం ఆయనకి దక్కేది. పెంచినందుకు ప్రింటులో గ్రెయిన్, అంటే గరుకు చుక్కలు, వస్తే వచ్చేవి. ముఖాన్ని మార్చేది మనం నిలబడిన దూరమే. 50 అయినా 85 అయినా నిన్ను వెనక్కి నిలబెడతాయి, అందుకే ముందు ఆ 50 కొనమంటున్నాను.

ఉంగరాలు, మెట్టెలు, పసిపాప వేళ్లు తియ్యాలంటే ఆ 50 చాలదు. చిన్న వస్తువుల్ని బాగా దగ్గర్నుంచి తీసే 60 మాక్రో లెన్సు తీసుకో, నికాన్ వాళ్లు మైక్రో అంటారు. నీ బాడీ మీద 90లా పనిచేస్తుంది, ముఖాలకీ వాడుకోవచ్చు. అసలు సైజులో తియ్యాలంటే లెన్సు మూతి వస్తువుకి అయిదు సెంటీమీటర్ల దాకా వెళ్లాలి, దాని నీడ నగ మీదే పడుతుంది. కిటికీ పక్కనుంచి వెలుగు తీసుకో. అంత దగ్గర్లో ఎఫ్ 2.8 మీద మిల్లీమీటరు లోతు కూడా షార్ప్‌గా రాదు. ఎఫ్ 11 పెట్టు, ట్రైపాడ్ వెయ్యి.

కెమెరా ఇక్కడికి తెస్తే చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు మర్చిపోకు. కోనసీమ చెమ్మకి నా లెన్సులు రెండు ఫంగస్ పట్టి పోయాయి.

అమ్మమ్మకి ఎనభై రెండు నిండాయి. సంక్రాంతి దాకా ఆగకు, వచ్చే ఆదివారం బయల్దేరు. పొద్దున ఎనిమిదింటికి అరుగు మీద వెలుగు మెత్తగా ఉంటుంది. అమ్మమ్మ కుర్చీ అక్కడ వేయిస్తాను, దానికి ఆరడుగుల దూరంలో సుద్దతో గీత గీసి ఉంచుతాను.

మీ మామయ్య