శివారు పట్టణం లెవిట్‌టౌన్ కథ

ప్రశ్న: న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో ఉంటున్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు లెవిట్‌టౌన్ అనే శివారు పట్టణం చూశాను. ఒకప్పుడు అక్కడ వేల ఇళ్ళు అచ్చు గుద్దినట్టు ఉండేవని మా అల్లుడు చెప్పారు. నాకు మాత్రం ఏ రెండిళ్ళూ ఒకేలా కనబడలేదు. ఈ మార్పు ఎలా వచ్చింది?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ అల్లుడుగారు చెప్పినదీ, మీరు చూసినదీ రెండూ నిజమే. ఆ రెండింటి మధ్య గడిచిన ఏడున్నర దశాబ్దాలే ఆ ఊరి చరిత్ర.

అది ఒకప్పుడు ఐలాండ్ ట్రీస్ అనే బంగాళాదుంపల పొలాల ప్రాంతం. నులిపురుగు తెగులు సోకి సాగు దెబ్బతిన్న ఆ భూములను లెవిట్ అండ్ సన్స్ అనే నిర్మాణ సంస్థ కొన్నది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి లక్షలాది సైనికులు ఇళ్ళకు తిరిగి వచ్చిన కాలమది. కొత్తగా పెళ్ళయిన జంటలు తల్లిదండ్రుల ఇళ్ళలో, ఇరుకు గదులలో సర్దుకుంటున్నారు. 1947లో మాజీ సైనికుల కోసం 2,000 అద్దె ఇళ్ళు కడతామని సంస్థ ప్రకటించగా, ఆ ఏడాది అక్టోబరులోనే తొలి కుటుంబాలు దిగాయి. 1951 నాటికి ఇళ్ళ సంఖ్య 17,447కు చేరింది.

అంత వేగం సాధ్యమైన తీరు తెలుసుకోదగ్గది. ఇల్లు కదలదు కాబట్టి పనివారే కదిలారు: ఒక బృందం గచ్చు పోస్తే, మరొకటి చట్రం నిలబెట్టేది, ఇంకొకటి రంగు వేసేది, ప్రతి బృందమూ తన ఒక్క పనినే ఇంటి తరువాత ఇంటికి చేసుకుంటూ పోయేది. పని ఊపందుకున్న రోజుల్లో రోజుకు 30 ఇళ్ళు పూర్తయ్యేవి. నేలమాళిగ లేకుండా నేరుగా కాంక్రీటు గచ్చు మీద కట్టడానికి హెంప్‌స్టెడ్ స్థానిక ప్రభుత్వం నిబంధనలనే సవరించింది. తొలి నమూనా ఇల్లు సుమారు 750 చదరపు అడుగులది. కింద నాలుగు గదులు, పైన పూర్తి చేయని అటక. 1949 నుంచి కొత్త నమూనా ఇళ్ళను 7,990 డాలర్లకు అమ్మారు. ప్రభుత్వ హామీ రుణం వల్ల మాజీ సైనికులు చేతి డబ్బు దాదాపు పెట్టకుండానే సొంత ఇంటివారయ్యారు.

ఈ అందుబాటు అందరికీ కాదు. ఈ ఊరి గురించి రాసేవారు దీన్ని ఒక వాక్యంలో దాటవేయడం నాకు న్యాయంగా తోచదు. తెల్లజాతీయులు కానివారు ఆ ఇళ్ళలో నివసించరాదని తొలి ఒప్పందాలలోనే రాశారు; ఇంటిపని చేసేవారికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. అదే యుద్ధంలో పోరాడి వచ్చిన నల్లజాతి సైనికులకు అక్కడ తలుపు మూసేశారు. ఇలాంటి నిబంధనలను న్యాయస్థానాలు అమలు చేయరాదని అమెరికా సుప్రీంకోర్టు 1948లో తీర్పు చెప్పింది. ఆ తరువాత నిబంధనను తొలగించినా, అమ్మకాలలో వివక్ష కొనసాగింది. ఇల్లే ఒక మధ్యతరగతి కుటుంబపు ప్రధాన ఆస్తి అయిన దేశంలో ఆ నష్టం ఒక్క తరంతో ఆగలేదు. ఆ ఊరి జనాభా కూర్పులో దాని జాడ చాలాకాలం నిలిచింది.

ఇక ఊరి స్వభావం. మొదట్లో కంచెలు వేయరాదు, గడ్డి వారం వారం కత్తిరించాలి, ఆదివారం బయట బట్టలు ఆరేయరాదు వంటి కట్టుబాట్లు ఉండేవి. ఈత కొలనులు, ఉమ్మడి మైదానాలు, వాటి పక్కన దుకాణాలు కల్పించారు కానీ, నగరానికి వెళ్ళే రైలు ఎక్కాలంటే హిక్స్‌విల్ వంటి పొరుగు ఊళ్ళకు పోవలసిందే. చిత్రమేమిటంటే దీనికి ఇప్పటికీ సొంత పురపాలక సంఘం లేదు. హెంప్‌స్టెడ్ పాలన కిందే ఉంది.

పిల్లలు పుట్టిన కొద్దీ జనం ముందుగా అటకను పడకగదులుగా మార్చుకున్నారు. తరువాత వెనుక ఒక గది, పక్కన కారు షెడ్డు, పైన మరో అంతస్తు వేసుకున్నారు. పొదుపు కోసం పూర్తి చేయకుండా వదిలిన ఆ అటకే ఇళ్ళు వేరువేరు రూపాలు దాల్చడానికి తొలి అవకాశం ఇచ్చిందని నా అభిప్రాయం. మార్పు లేని తొలి ఇళ్ళు ఇప్పుడు అరుదు. మళ్ళీ వెళ్ళినప్పుడు ఏదైనా ఇంటి ముందు కాసేపు నిలబడి, తరువాత చేర్చిన భాగాలను ఒక్కొక్కటిగా మనసులో తీసివేసి చూడండి. ఏటవాలు కప్పుతో ఆ చిన్న నాలుగు గదుల ఇల్లు మధ్యలో కనబడుతుంది.