ఆ 10 గోల్స్ వదిలేయండి, ఆ ఒక్క గోల్ లెక్క చూడండి

"28–19తో గెలుస్తున్న జట్టు పావుగంటలో మ్యాచ్ పోగొట్టుకోవడం మామూలుగా జరిగేదేనా? ఫిక్సింగ్ లేదంటే నమ్మాలా?" అని అడిగారు. మీరు చెబుతున్నది 2015–16 యూరప్ హ్యాండ్‌బాల్ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. 2016 మే 29న జర్మనీలోని కొలోన్‌లో, లాంక్సెస్ అరీనాలో జరిగింది. ఆధిక్యంలో ఉన్నది హంగేరీ క్లబ్ వెస్ప్రేమ్, వెనకబడింది పోలండ్ క్లబ్ కెల్‌త్సే. 60 నిమిషాలకు 29–29, ఎక్స్‌ట్రా టైమ్ అయ్యేసరికి 35–35, పెనాల్టీల్లో కెల్‌త్సే 4–3. అన్నీ కలిపి 39–38. ఛాంపియన్స్ లీగ్ గెలిచిన మొదటి పోలిష్ క్లబ్ అదే.

ఫిక్సింగ్ మాట ముందు పక్కన పెట్టండి. మ్యాచ్ అమ్ముకున్నవాడు ఎక్స్‌ట్రా టైమ్ ఆడి, పెనాల్టీల దాకా లాగి, ఒక్క గోల్ తేడాతో ఓడేంత కష్టం ఎందుకు పడతాడు? మనవాళ్లకు ఏ ఆటలో ఓడుతున్న జట్టు పుంజుకోవడం చూసినా నోటికొచ్చే మొదటి మాట ఫిక్సింగే. రెండో మాట "మొమెంటమ్". అది ఇంకా దండగ. ఏం జరిగిందో చూడనివాడు వాడుకునే మాట అది.

కాగితం మీద లెక్క వేద్దాం. ఈ స్థాయి మ్యాచ్‌లో ఒక్కో జట్టుకు గంటలో 50కి అటూ ఇటూగా అటాక్‌లు, అంటే బంతి చేతికొచ్చి గోల్‌కి ప్రయత్నించే అవకాశాలు, వస్తాయి. 52 అనుకుందాం. అంటే 45 నిమిషాలకు 39, మిగిలిన 15 నిమిషాలకు 13. ఇది సుమారు లెక్కే, వేగం పెరిగితే ఒకటి రెండు మారతాయి. వెస్ప్రేమ్ మొదటి 39 అటాక్‌ల్లో 28 గోల్స్ కొట్టిందంటే నూటికి 70 దాటింది. మంచి జట్లు కూడా సగం నుంచి 60 శాతం మధ్యలో ఉంటాయి కాబట్టి అది ఎక్కువే. చివరి 13 అటాక్‌ల్లో మాత్రం 1. అదే సమయంలో కెల్‌త్సే 10 కొట్టింది. 13లో 10 చాలా బాగుంది, కాదనను. కానీ పెద్ద జట్లు మంచి ఊపులో ఉన్నప్పుడు ఆ మాత్రం కొడతాయి, 15 నిమిషాల ముక్కలో అలాంటివి కనబడుతూనే ఉంటాయి. 13లో 1 అలా కాదు, జిల్లా స్థాయి టోర్నీలో కూడా అరుదు. వెస్ప్రేమ్ తన మామూలు ఆటలో సగం ఆడి 3 గోల్స్ కొట్టినా 31–29తో కప్పు చేతిలో ఉండేది.

అందుకే ఈ మ్యాచ్‌ని "కెల్‌త్సే 10 గోల్స్ కొట్టిన మ్యాచ్" అని చెప్పడం నాకు నచ్చదు. వెస్ప్రేమ్ 12 సార్లు వట్టి చేతులతో వెనక్కి వచ్చిన మ్యాచ్ అది. హైలైట్స్ చూస్తే ఇది ఎన్నటికీ తెలియదు. హైలైట్స్ కట్ చేసేవాడు గోల్స్ ఉంచి మిగతాదంతా తీసేస్తాడు. 10 గోల్స్ వరసపెట్టి చూసినవాడికి మాయలాగే ఉంటుంది మరి. ఆ గోల్స్ మధ్యలో వెస్ప్రేమ్ కొట్టిన వంకర షాట్లు, చేజారిన పాస్‌లు, గోల్‌కీపర్ కాళ్లకు తగిలిన బంతులు ఉంటేనే కథ అర్థమవుతుంది. పూర్తి మ్యాచ్ వీడియో దొరికితే 43వ నిమిషం దగ్గర పెట్టి అక్కణ్ణుంచి చూడండి.

చూసేటప్పుడు ఒక తెల్లకాగితం దగ్గర పెట్టుకోండి. రెండు నిలువు గడులు గీసి ఒక్కో జట్టుకు ఒకటి ఇవ్వండి. ప్రతి అటాక్‌కూ ఒక గీత పెట్టి, దాని పక్కన మూడు సంగతులు రాయండి: అటాక్ ఎన్ని సెకన్లు నడిచింది, షాట్ ఎక్కణ్ణుంచి వచ్చింది (6 మీటర్ల లైన్, 9 మీటర్లు, వింగ్ అంటే మైదానం అంచు, 7 మీటర్ల త్రో అంటే పెనాల్టీ), ఎలా ముగిసింది (గోల్, సేవ్, పోస్ట్, బయటికి, బంతి పోవడం). ఆ మూడో సంగతిలో బంతి పోయినవాటికి సున్నా చుట్టండి. షాట్ కొట్టి సేవ్ అయితే సాధారణంగా డిఫెన్స్‌కు వెనక్కి రావడానికి రెండు మూడు సెకన్లు దొరుకుతాయి. పాస్ మధ్యలో పోతే అవీ ఉండవు, అవతలివాడు నేరుగా ఫాస్ట్ బ్రేక్‌కి, అంటే డిఫెన్స్ కుదురుకోకముందే దాడికి, పోతాడు. ఒక్క సున్నా అంటే మీ గోల్ పోయినట్టు, పైగా అవతలివాడికి ఒకటి ఇచ్చినట్టు. తేడా రెండు. 9 గోల్స్ ఆధిక్యం కరగడానికి ఇలాంటివి నాలుగైదు చాలు.

పెద్ద ఆధిక్యంలో ఉన్న జట్టు ఎక్కడ చెడుతుందో చెబుతాను. ఇది వెస్ప్రేమ్ ఒక్కదానికే కాదు, స్కూల్ గేమ్స్ జట్టుకీ వర్తిస్తుంది. మొదటిది, "టైమ్ తినేద్దాం" అనే ఆలోచన. ఫుట్‌బాల్‌లో బంతి కార్నర్‌లో పెట్టుకుని నిలబడొచ్చు. హ్యాండ్‌బాల్‌లో కుదరదు. గోల్ వైపు పోకుండా పాస్‌లు తిప్పుతుంటే రెఫరీ చెయ్యెత్తి పాసివ్ ప్లే హెచ్చరిక ఇస్తాడు. ఇప్పుడైతే ఆ చెయ్యి లేచాక ఎన్ని పాస్‌లు అనే లెక్క ఉంది. ఆ ఫైనల్ నాటికి ఆ లెక్క లేదు. 2016 జులై 1 నుంచి 6 పాస్‌ల నిబంధన వచ్చింది, 2022లో అది 4కి తగ్గింది. అంతకుముందు ఎప్పుడు విజిల్ వేయాలన్నది పూర్తిగా రెఫరీల ఇష్టం. చెయ్యి లేచిందని కనబడగానే బ్యాక్ ఆటగాడు (దూరం నుంచి షాట్ కొట్టేవాడు) గాభరా పడి 10 మీటర్ల నుంచి, బ్లాక్ మీదుగా (డిఫెండర్లు ఎత్తిన చేతుల మీదుగా), సగం బ్యాలెన్స్‌లో కొడతాడు. గోల్‌కీపర్‌కు అంతకన్నా సుఖమైన షాట్ లేదు. కాబట్టి టైమ్ తినాలంటే మొదటి 20 సెకన్లు నిజమైన అటాక్ చెయ్యాలి. పివట్ (6 మీటర్ల లైన్ దగ్గర డిఫెండర్ల మధ్య ఆడేవాడు) కదలాలి, బ్యాక్‌లు గోల్ వైపు అడుగు వెయ్యాలి, ఫౌల్ తెచ్చుకోవాలి. ఫ్రీ త్రో వచ్చిన ప్రతిసారీ నాలుగైదు సెకన్లు గడుస్తాయి, రెఫరీకి కూడా అటాక్ చేస్తున్నట్టే కనబడుతుంది. "బాల్ పట్టుకో, నిదానంగా, నిదానంగా" అని సైడ్‌లైన్ నుంచి అరిచే కోచ్‌లు మన దగ్గర కోకొల్లలు. నిదానంగా అంటే ఎలాగో మాత్రం ప్రాక్టీస్‌లో ఒక్కరోజూ నేర్పరు.

రెండోది మార్పిడి. అటాక్‌కి ఒకడు, డిఫెన్స్‌కి ఒకడు అని ఇద్దరేసి మార్చుకునే జట్లు ఆధిక్యంలో ఉండగా ఆ అలవాటు మానవు. బంతి సేవ్ అయి అవతలి చేతికి పోయిన క్షణంలో ఆ ఇద్దరూ బెంచి వైపు పరుగెడుతుంటారు. లైన్ దగ్గర ఆరుగురు ఉండాల్సిన చోట నలుగురే ఉంటారు. గోల్ కొట్టినా ఊపిరి పీల్చుకునే వీలు లేదు, అవతలివాళ్లు మధ్య గీత నుంచి వెంటనే త్రో తీసేస్తారు. వెనకబడిన జట్టు చెయ్యగలిగే అన్నిటికన్నా చవకైన పని అదే. వెంటనే త్రో తీస్తే మిగిలిన 15 నిమిషాల్లో మరో రెండు మూడు అటాక్‌లు పుడతాయి.

మూడోది టైమ్‌అవుట్. జట్టుకు 3 ఉంటాయి, ఒక సగంలో 2 మించకూడదు, చివరి 5 నిమిషాల్లో ఒకటే. బంతి మన చేతిలో ఉన్నప్పుడే పచ్చ కార్డు టేబుల్ మీద పెట్టాలి. కాబట్టి అవతలివాడు వరసగా మూడు కొట్టేస్తుంటే మధ్యలో ఆపడానికి లేదు, మన అటాక్ వచ్చేదాకా ఆగాలి. చాలామంది కోచ్‌లు ఆధిక్యం 9 నుంచి 6కి వచ్చినా "ఇంకా 6 ఉందిలే" అని దాచుకుని, 2కి వచ్చాక తీస్తారు. నా లెక్కలో ఎదురుగా గోల్ లేకుండా వరసగా మూడు పడితే, స్కోరు ఎంతున్నా, కార్డు పెట్టెయ్యాలి.

నాలుగోది అలసట. దీన్ని ఈ ఫైనల్ గురించి మాట్లాడేవాళ్లు ఎందుకో వదిలేస్తారు. 2010 నుంచి ఈ పోటీ చివరి అంకం ఫైనల్ ఫోర్ పద్ధతిలో నడుస్తోంది, శనివారం సెమీస్, ఆదివారం ఫైనల్. కెల్‌త్సే సెమీస్‌లో పారిస్ సెయింట్ జర్మెయిన్‌ను 28–26తో 60 నిమిషాల్లోనే పంపేసింది. వెస్ప్రేమ్‌కు జర్మనీ క్లబ్ కీల్‌ను 31–28తో ఓడించడానికి ఎక్స్‌ట్రా టైమ్ కూడా పట్టింది. అంటే 70 నిమిషాలు ఆడి, మర్నాడే మళ్లీ ఆట. హ్యాండ్‌బాల్‌లో అలసట ముందు కాళ్లలో తెలుస్తుంది. జంప్ షాట్‌లో పది సెంటీమీటర్లు తగ్గితే, నిన్న బ్లాక్ మీంచి పోయిన బంతి ఇవాళ బ్లాక్ చేతికి తగులుతుంది. 9 గోల్స్ ముందున్న జట్టు 45వ నిమిషంలో షాట్లు పాడుచేయడం మొదలుపెడితే నేను ముందు చూసేది వాళ్ల గంతునే. ఫైనల్ ఫోర్‌లో రెండు సెమీస్‌కీ ఫైనల్‌కీ మధ్య ఒక రోజు విరామం ఇవ్వకపోవడం టీవీ కోసం, టికెట్ల కోసం తప్ప ఆట కోసం కాదు.

ఇక చివరి గోల్. 28–29 దగ్గర, సెకన్లు మాత్రమే మిగిలి ఉండగా సమం చేసింది క్రిష్టఫ్ లియెవ్‌స్కీ. ఎడమచేతి వాటం, కుడి బ్యాక్. కుడివైపు ఎడమచేతివాడు ఉంటే బంతి పట్టిన చెయ్యి గోల్ మధ్యకు దగ్గరగా ఉంటుంది, షాట్‌కి కోణం తెరుచుకుంటుంది. అదే స్థానంలో కుడిచేతివాణ్ణి ఆడిస్తే ఆ కోణం సగం మూసుకుపోతుంది. మన స్కూల్ జట్లలో ఎడమచేతి పిల్లవాడు దొరికితే వాణ్ణి గోల్‌లోనో, కనబడిన ఖాళీలోనో నిలబెడతారు. వాణ్ణి కుడివైపు పెట్టండి బాబూ, అంతకన్నా చవకైన బలం లేదు. చివరి పెనాల్టీ కొట్టింది స్పెయిన్ పివట్ హూలెన్ అగినగాల్దె. బెంచి మీదున్న కోచ్ తలాంత్ దుయ్‌షెబాయెవ్, అంతకుముందే స్పెయిన్‌లో సియుదాద్ రియాల్‌తో ఇదే కప్పు మూడుసార్లు గెలిచినవాడు.

మీరు ఫైనల్ గురించే అడిగారు కానీ ఆ సీజన్‌లో అసలు గండం కెల్‌త్సేకి క్వార్టర్స్‌లోనే ఉంది. ఆ ఏడాది పద్ధతి మార్చారు. 28 జట్లు, ఎ, బి గ్రూపుల్లో 8 చొప్పున, సి, డి గ్రూపుల్లో 6 చొప్పున. ఎ, బి గ్రూపుల్లో మొదట వచ్చినవాళ్లు నేరుగా క్వార్టర్స్‌కి, 2 నుంచి 6 వరకు వచ్చినవాళ్లు ప్రీ క్వార్టర్స్‌కి. నేరుగా వచ్చిన రెండు జట్లు పారిస్, బార్సిలోనా. డిఫెండింగ్ ఛాంపియన్ బార్సిలోనాని కీల్ క్వార్టర్స్‌లోనే ఇంటికి పంపింది. గ్రూపులో మొదటి స్థానానికి బహుమానంగా ఇచ్చిన విశ్రాంతి ఎవరికి మేలు చేసిందో మీరే చెప్పండి. ఫామ్‌లో ఉన్న జట్టును నాకౌట్ మ్యాచ్‌లు లేకుండా కూర్చోబెట్టడం బహుమానం కాదని నా అభిప్రాయం.

క్వార్టర్స్‌లో కెల్‌త్సేకి తగిలింది జర్మనీ క్లబ్ ఫ్లెన్స్‌బర్గ్. జర్మనీలో 28–28, పోలండ్‌లో కెల్‌త్సే 29–28. రెండు మ్యాచ్‌ల మీద ఒకే ఒక్క గోల్. అప్పట్లో రెండు మ్యాచ్‌ల మొత్తం సమమైతే బయటి మైదానంలో కొట్టిన గోల్స్‌కి విలువ ఎక్కువ. రెండో మ్యాచ్ 27–27తో ముగిసినా కెల్‌త్సే ముందుకు పోయేది, 29–29 అయితే ఫ్లెన్స్‌బర్గ్ పోయేది. అదీ అంచు. కొలోన్‌కి చేరకుండానే ముగిసిపోవాల్సిన సీజన్ అది.

వెస్ప్రేమ్ సంగతి మాత్రం జాలి పుట్టిస్తుంది. 2002లో మగ్డెబర్గ్ మీద, 2015లో బార్సిలోనా మీద, 2016లో కెల్‌త్సే మీద, 2019లో వర్దార్ మీద, నాలుగు ఫైనల్స్, నాలుగూ ఓటములే. అయినా "వాళ్లకు ఒత్తిడి తట్టుకోవడం రాదు" అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఫైనల్‌కి నాలుగుసార్లు రావాలంటే నాలుగు సెమీస్ గెలవాలి కదా. ఒత్తిడి తట్టుకోలేనివాళ్లు ముందురోజు కీల్ లాంటి జట్టును ఎక్స్‌ట్రా టైమ్‌లో ఓడిస్తారా?

ప్రీమియర్ హ్యాండ్‌బాల్ లీగ్‌లో తెలుగు టాలన్స్‌ని చూసి ఈ ఆట మీద ఆసక్తి పుట్టినవాళ్లు చాలామంది నేరుగా ఈ ఫైనల్‌తో మొదలుపెడుతున్నారు. దాని వెంటనే 2022 ఫైనల్ కూడా చూడండి. అదే కొలోన్, అదే కెల్‌త్సే, బెంచి మీద అదే దుయ్‌షెబాయెవ్. ఈసారి ఎదురుగా బార్సిలోనా. 28–28, ఎక్స్‌ట్రా టైమ్ తర్వాత 32–32, పెనాల్టీల్లో బార్సిలోనా 5–3. దానికి కూడా అదే కాగితం పెట్టుకోండి. అందులో 9 గోల్స్ పతనం ఏదీ కనబడదు, రెండు గడుల్లోనూ గీతలు దాదాపు సమానంగా సాగుతాయి. 2016లో వెస్ప్రేమ్ గడి చివర్లో ఎంత విడ్డూరంగా ఉందో ఆ పోలికతోనే బాగా తెలుస్తుంది.