లాప్ చోంగ్ మాడిపోతుంటే ముందు ఆవిరి మీద ఉడికించండి

లాప్ చోంగ్‌ని, అంటే చైనా వాళ్ల ఎండు పంది మాంసం సాసేజ్‌ని, నూనెలో వేయిస్తే పైన మాడి లోపల గట్టిగానే ఉండిపోయిందని, తెరిచిన ప్యాకెట్ బయటే ఉంచవచ్చా అని అడిగారు. పంది మాంసం, కొవ్వు, సోయా సాస్‌తో పాటు దాంట్లో చక్కెర కూడా బాగానే ఉంటుందండీ. మంట పెంచితే ఆ చక్కెరే ముందు మాడుతుంది. ఆరబెట్టినదైనా అది పచ్చి మాంసమే, ఉడికించకుండా తినకండి.

దారం తీసేసి, వేడినీళ్లతో కడిగి, ఇడ్లీ పాత్రలో 15 నిమిషాలు ఆవిరి పట్టండి. తెల్లటి కొవ్వు అద్దంలా మెరుస్తుంటే అయినట్టే. నాకైతే దక్షిణ చైనాలోని కాంటోనీస్ వాళ్ల పద్ధతే ఇష్టం. అన్నంలో నీళ్లు ఇంకుతుండగా పైన పెట్టి మూత వేస్తారు. కారిన కొవ్వు మెతుకు మెతుకుకీ పడుతుంది, ఆ వాసనకే ఆకలేస్తుంది! వేపుడే కావాలంటే ఉడికాక ఏటవాలుగా పల్చగా కోసి, నూనె లేకుండా సన్న మంట మీద ఒకటి రెండు నిమిషాలు వేయిస్తే చాలు.

తెరిచిన ప్యాకెట్ మాత్రం బయట వద్దు. గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, రెండు మూడు వారాల్లో వాడేయండి. ఇంకా నిల్వ ఉండాలంటే రెండేసి చొప్పున చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. బూజు కనిపించినా, పుల్లటి వాసన వచ్చినా మొత్తం పారేయండి.