కూరగాయలు మాత్రం బజారులోనే కొను

చిట్టీ,

నువ్వూ అల్లుడూ మారిషస్ వచ్చేశారనీ, కాట్ర్ బోర్న్‌లో ఇల్లు తీసుకున్నారనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమో! అన్నీ ఒకేచోట దొరుకుతాయి కాబట్టి మాల్‌కే వెళ్తామన్నావట. వెళ్లు, కానీ కూరగాయల విషయంలో మాత్రం నా మాట విను.

ముందు మాల్ సంగతి చెప్పేస్తాను. మిక్సీ, కుక్కర్, ఇస్త్రీపెట్టె అక్కడే కొను. ఇండియా నుంచి ఎవరిచేతా తెప్పించకు. కరెంటు మనలాగే 230 వోల్టులే అయినా ఇక్కడ గోడకి ఉండేవి బ్రిటిష్, ఫ్రెంచి రకం సాకెట్లు. మన మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్గు వాటిలో పట్టదు. బిల్లు భద్రంగా దాచు. వచ్చిన కొత్తలో నేను కొన్న మిక్సీ పదో రోజుకే ఆగిపోతే, బిల్లు లేదని షాపువాళ్లు వెనక్కి తీసుకోలేదు. ఆ రోజు బస్సులో ఏడుస్తూ ఇంటికొచ్చాను.

ఇక కూరగాయలు. మీ ఊళ్లో బుధవారం, శనివారం కూరగాయల బజారు. గురువారం, ఆదివారం బట్టలది. పేర్లు విని కంగారుపడకు. కొత్తిమీరని ఇక్కడ కొతొమిలి అంటారు, కరివేపాకుని కారిపులే అంటారు. రెండూ తమిళం నుంచి ఇక్కడివాళ్లు మాట్లాడే క్రియోల్ భాషలోకి వచ్చిన మాటలే. బెండకాయ లాలో, కాకరకాయ మర్గోజ్, మునగాకు బ్రేద్ మురుం. చెరకు తోటల్లో పనికి ఓడలెక్కి వచ్చిన మనవైపు వాళ్ల వంటిళ్లు ఈ బజారులో ఇంకా బతికే ఉన్నాయి. మొదటిసారి ఆ మునగాకు కట్ట చేతిలోకి తీసుకున్నప్పుడు మా అమ్మ పెరట్లో నిలబడ్డట్టే అనిపించింది నాకు.

రేటు అడిగేటప్పుడు అరకిలోకా, కిలోకా అని తేల్చుకో. చాలామంది అరకిలో ధరే చెబుతారు. మొదటి నెల నాలుగైదు బల్లల దగ్గర కొని చూడు, తర్వాత ఒకరి దగ్గర స్థిరపడు. నేను ఒకావిడ దగ్గరే 19 ఏళ్లుగా కొంటున్నాను. బెండకాయ కొస విరిచి, టక్కుమంటేనే నా సంచిలో వేస్తుంది. ముదిరినవి వస్తే "ఇవాళ వద్దులే" అని తనే చెబుతుంది. మాల్‌లో ట్రేలో సర్ది పైన ప్లాస్టిక్ చుట్టిన బెండకాయని నువ్వు విరిచి చూడలేవు, చూసి చెప్పే మనిషీ ఉండదు.

తుఫాను వస్తే మాత్రం లెక్క మారుతుంది. 2024 జనవరిలో బెలాల్ వచ్చి వెళ్లాక మా ఇంట్లో ఆకుకూర వండుకోవడానికే చాలా రోజులు పట్టింది. అలాంటప్పుడు బజారావిడతో బేరమాడకు, పాపం ఆవిడా ఎక్కువ పెట్టి కొన్నదే అమ్ముతుంది. సూపర్‌మార్కెట్‌లో ఫ్రోజెన్ బఠాణీలు తెచ్చుకుని సర్దుకో. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుఫాన్ల కాలం, ఇంట్లో పప్పు నిండుకోనివ్వకు.

అన్నట్టు, ఇక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉంటుంది కానీ అప్పటికి మామిడి కాపు అయిపోతుంది. మనకి ఎండాకాలంలో వచ్చే కాయ ఇక్కడ నవంబరు, డిసెంబరుల్లో వస్తుంది. అప్పుడే నాలుగు పచ్చికాయలు కొని, ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టుకో. నేను ఏటా అలాగే చేస్తాను, పచ్చడికి పులుపు చాలుతుంది.

ప్లాస్టిక్ సంచులు ఇక్కడ 2016లోనే నిషేధించారు. అందుకని మొగలి జాతి ఆకులతో అల్లిన బుట్ట ఒకటి నీకోసం కొనిపెట్టాను. తాంత్ బజార్ అంటారు దాన్ని. శనివారం పొద్దున్న ఏడింటికి బజారు గేటు దగ్గర ఉంటాను, వచ్చెయ్. చిల్లర తెచ్చుకో.

ప్రేమతో,
పెద్దమ్మ