తొలిసారి పశువుల సంతకు వెళ్తున్న నీకు

చిరంజీవి నాయనకు,

మీ పెదనాన్న ఆశీర్వదించి వ్రాస్తున్నది. పాడి ఆవు కోసం సంతకు వెళ్లాలా, వేలానికి వెళ్లాలా అని అడిగావు. ఎక్కడికి వెళ్లినా బేరం మొదలు కాకముందే ఆవును చూడడం పూర్తి కావాలి, ఎందుకంటే ధర మాట వచ్చాక మన చూపు ఆవు మీద నిలవదు, అమ్మేవాడి ముఖం మీదికి పోతుంది.

తెల్లవారేసరికి అక్కడ ఉండు. పశువులను బండి నుంచి దించేటప్పుడు కుంటు దాగదు. ఆ తర్వాత కడిగి, తుడిచి, మెత్తని నేల మీద నిలబెడతారు. ముందు దూరం నుంచే అది నెమరు వేస్తున్నదా, ముట్టె తడిగా ఉన్నదా, చొంగ కారుతున్నదా అన్నది గమనించి, తరువాత గట్టి నేల మీద నడిపించమను. నోరు తెరిపించి పళ్లు చూడు. ఆవుకు పై దవడ ముందు భాగంలో పళ్లుండవు. కింద ఉన్న 8 పళ్లలో మొదటి జత పాలపళ్లు ఊడి గట్టి పళ్లు రావడానికి సుమారు 2 ఏళ్లు, 4 జతలూ నిండడానికి 5 ఏళ్ల దాకా పడుతుంది. ఆపై అరుగుదలను బట్టి అంచనా వేయవలసిందే. కొమ్ముల మీది వలయాలను లెక్కపెట్టి వయసు చెప్పేవాణ్ణి నమ్మకు, ఆకురాయి ఉన్నవాడు వాటిని ఎన్నయినా తగ్గించగలడు.

అన్నిటికంటే ఎక్కువసేపు పొదుగు దగ్గర కూర్చో. నా వయసు నీ అంత ఉన్నప్పుడు, నిండుకుండలాంటి పొదుగును చూసి ఒక ఆవును తోలుకొచ్చాను. ముందు రోజంతా పాలు పితకకుండా తెచ్చారనీ, పక్కన కట్టిన లేగదూడ దానిది కాదనీ రెండు రోజుల తర్వాత గాని తెలియలేదు. అందుకే వీలైతే ముందు రోజు సాయంత్రం నీ కళ్ల ముందు పూర్తిగా పితికించి, మరునాడు ఉదయం, సాయంత్రం పాలను కొలిపించు. నాలుగు చన్నుల నుంచీ మొదటి ధారలను విడివిడిగా నల్లని పళ్లెంలో పట్టి చూడు; తరకలు, నెత్తురు జీర, నీళ్లలాంటి పాలు కనబడితే పొదుగువాపు ఉన్నట్లే అనుకో. పితికాక పొదుగు ముడుచుకోవాలి, గడ్డలా మిగలకూడదు.

చూడిది అంటే మాట మీద తీసుకోకు. ఆవు సుమారు 280 రోజులు మోస్తుంది కనుక ఎద్దుకు కట్టిన తేదీ అడిగి, పశువైద్యుడితో పరీక్ష చేయించు. ఈసుకుపోయే రోగానికి, అంటే నెలలు నిండకుండానే చూడి పోయే బ్రూసెల్లోసిస్‌కు, రక్తపరీక్ష కాగితం అడుగు; ఆ రోగం పచ్చిపాల ద్వారా మనుషులకూ వస్తుంది. క్షయ పరీక్ష ఫలితం చర్మంలోకి మందు ఎక్కించిన 72 గంటలకు గాని చదవరు కాబట్టి అది సంతలో అప్పటికప్పుడు జరిగే పని కాదు, తేదీ ఉన్న కాగితమే చూడాలి.

పశుప్రదర్శనలో బహుమతి పొందిందని ఎక్కువ అడిగితే, బహుమతి దేనికిచ్చారో కనుక్కో. ఒడ్డూ పొడవూ జాతి లక్షణాలూ చూసి ఇచ్చినది పాలకు హామీ కాదు. నాకు ప్రదర్శనలంటే ఇష్టమే, మంచి పశువు ఎలా ఉంటుందో కంటికి అలవాటు చేసుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు, కానీ నేను అక్కడికి డబ్బు తీసుకువెళ్లను.

వేలంలో నీకు దొరికేది కొద్ది నిమిషాలే. షరతులు ముందే చదివి, పాట ముగిశాక లోపం బయటపడితే ఎవరిది బాధ్యతో తెలుసుకో. రుసుము, రవాణా ఖర్చు కలుపుకొని నీ హద్దును కాగితం మీద వ్రాసుకో. మొదటి కొన్ని పాటల్లో నోరు విప్పకుండా, ఎవరు నిజంగా కొంటున్నారో, ఎవరు ధర ఎక్కించడానికి పాడుతున్నారో గమనించు. హద్దు దాటితే వదిలేయి. ఉత్త పలుపుతో ఇంటికి వచ్చిన రోజులు నాకు చాలానే ఉన్నాయి.

కొన్న ఆవును నేరుగా మందలో కలపకు. గాలికుంటు సోకిన పశువు 2 నుంచి 14 రోజుల దాకా ఆరోగ్యంగానే కనబడవచ్చు కనుక కనీసం 21 రోజులు విడిగా కట్టి, దాని కుడితి తొట్టి వేరుగా ఉంచి, మన పశువుల పని ముగిశాకే దాని దగ్గరికి వెళ్లు. అది ఇంతవరకు తిన్న మేతేమిటో అమ్మినవాణ్ణి అడిగి కొంత వెంట తెచ్చుకో. వారం పది రోజుల్లో మెల్లగా మన మేతకు మార్చు, లేకపోతే పొట్ట చెడి పాలు పడిపోతాయి.

మీ పెదనాన్న