విండోలాండా వెళ్తున్న అమ్మలుకి

చిరంజీవి అమ్మలూ,

నువ్వు ఇంగ్లండ్‌లో విండోలాండా తవ్వకాలకి వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. మన ఇంటి పిల్ల రోమన్ల కోటలో మట్టి తియ్యబోతోందని గర్వం. నీ ఉబ్బసం తిరగబెడుతుందేమోనని దిగులు. గాలాడని ఆ తడిమట్టే 1,900 ఏళ్లుగా రోమన్లు ఉత్తరాలు రాసుకున్న చెక్కపలకల్ని కాపాడింది గానీ, ఆ తడి నీ ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఇన్‌హేలర్లు రెండు పెట్టుకో. ఉన్ని మేజోళ్లు అక్కడే కొనుక్కో. లాటిన్ రోజూ చదువు.

నా ఎం.ఫిల్. సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. రైన్ నది ముఖద్వారంలో ఉండే బటావియన్లు క్రీ.శ. 69లో రోమ్ మీద తిరగబడ్డారు. నాయకుడు జూలియస్ సివిలిస్. అల్లూరి సీతారామరాజుని మనసులో పెట్టుకుని అతని గురించి రాశాను. అతను రోమ్ పౌరుడనీ, పాతికేళ్లు రోమ్ సైన్యంలోనే కొలువు చేశాడనీ రోమన్ చరిత్రకారుడు టాసిటస్ పుస్తకంలో చదివి కూడా, కథ చెడుతుందని వదిలేశాను. వైవాలో పరీక్షకుడు ఒక్కటే అడిగారు: "బటావియన్లు రోమ్‌కి ఏం కట్టేవారు?" పన్ను కట్టేవారు కాదు, సైన్యానికి మనుషుల్నిచ్చేవారు. ఆ ఏడాది రోమ్ అధికారులు ముసలివాళ్లనీ రోగుల్నీ కూడా పట్టుకుపోయి, డబ్బిస్తే వదిలారు. మంట రాజుకుంది అక్కడే. నా సిద్ధాంత వ్యాసంలో ఆ ముక్కే లేదు. నోరు పెగల్లేదమ్మా. ఆ గది గుమ్మం ఇప్పటికీ కళ్ల ముందు ఉంటుంది. నీకా పరిస్థితి రాకూడదు.

ఆ తిరుగుబాటుని అణిచింది రోమ్ సేనాని పెటిలియస్ సెరియాలిస్. ముప్పై ఏళ్లకి, నువ్వు తవ్వే చోటే, తొమ్మిదో బటావియన్ దళానికి అధికారి ఎవరనుకున్నావ్? ఫ్లావియస్ సెరియాలిస్, అణిచినవాడి పేరే! అతని భార్య లెపిడినాని ఇంకో అధికారి భార్య క్లాడియా సెవెరా సెప్టెంబర్ 11న తన పుట్టినరోజుకి పిలిచిన పలక బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఉత్తరం రాసింది లేఖకుడు, చివర్న "సోదరీ" అన్న మాటలు మాత్రం ఆవిడ చేతివే. అలవాటు లేని చెయ్యి, అక్షరాలు తడబడతాయి. ఆ కోటలోనే దొరికిన ఇంకో పలక స్థానికుల్ని "బ్రిటంకులి", అంటే "అల్పపు బ్రిటన్లు" అని తీసిపారేస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువు. ఏ పక్షమో తేల్చుకోవడానికి తొందరపడకు.

వీలైతే బాత్ ఊరు కూడా వెళ్లు. అక్కడి మొక్కుబడి రాళ్ల మీద స్థానికుల సులిస్ అమ్మవారి పేరు ముందుంటుంది, రోమ్ మినర్వా పేరు వెనక. ఆ వరుస నీ కళ్లతో చూడాలని నా కోరిక.

పలక దొరికితే ముందు నాకే ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా ఫర్వాలేదు. రెండో ఇన్‌హేలర్ కోటు జేబులోనే ఉంచుకో, పెట్టెలో కాదు.

నీ
మావయ్య