వాహన సందేహాలు: టైర్ల రొటేషన్‌తో నిజంగా లాభమెంత?

ప్రశ్న: నా కారు ఇప్పటికి 22,000 కిలోమీటర్లు తిరిగింది. ముందు టైర్లు సగానికి పైగా అరిగిపోయాయి, వెనుకవి మాత్రం దాదాపు కొత్తవాటిలాగే ఉన్నాయి. మధ్యలో రొటేషన్ (టైర్ల స్థానాలను ఒకదానితో ఒకటి మార్చడం) చేయించి ఉంటే అన్నీ ఇంకా ఎక్కువ కాలం వచ్చేవని మెకానిక్ అంటున్నారు. రేడియల్ టైర్లను కుడి నుంచి ఎడమకు మారిస్తే పాడైపోతాయని మా బంధువు ఒకరు వారిస్తున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: మెకానిక్ సలహా సరైనదే కాని దానికి అసలు కారణం వేరు, మీ బంధువు చెప్పినది ఒకప్పటి మాట. ఇంజిన్ శక్తి ముందు చక్రాలకు అందే కారులో బండిని లాగడం, మలుపు తిప్పడం, బ్రేకు వేసినప్పుడు ముందుకు ఒరిగే బరువును ఆపుకోవడం అనే మూడు పనులూ ముందు టైర్ల మీదే పడతాయి, పైగా ఇంజిన్ బరువు కూడా అక్కడే ఉంటుంది. వెనుక టైర్లు చాలావరకు వెంట దొర్లుతూ వస్తాయి. కాబట్టి మీరు చూస్తున్న తేడా లోపమేమీ కాదు.

అయితే రొటేషన్ వల్ల టైరుకు కొత్తగా రబ్బరు చేరదు. ఒక చిన్న లెక్క చూడండి. కొత్త టైరు ట్రెడ్ (రోడ్డును తాకే, గాళ్లున్న రబ్బరు పొర) లోతు సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. అనేక దేశాల చట్టాలు 1.6 మిల్లీమీటర్లను కనీస హద్దుగా పెట్టాయి కనుక మనం వాడుకోగలిగినది 6.4 మిల్లీమీటర్లు. ప్రతి 10,000 కిలోమీటర్లకు ముందు టైరు 1.6 మిల్లీమీటర్లు, వెనుక టైరు 0.8 మిల్లీమీటర్లు అరుగుతాయని అనుకుందాం. స్థానాలు మార్చకపోతే ముందు జత 40,000 కిలోమీటర్లకు, వెనుక జత 80,000 కిలోమీటర్లకు అయిపోతాయి; అంటే 80,000 కిలోమీటర్లకు మొత్తం ఆరు టైర్లు ఖర్చవుతాయి. మారుస్తూ పోతే నాలుగూ ఒకేసారి దాదాపు 53,000 కిలోమీటర్ల వద్ద అయిపోతాయి. ఆ లెక్కన 80,000 కిలోమీటర్లకు అయ్యేవీ ఆరే.

మరి లాభం ఎక్కడుంది? టైరు కాగితం మీది లెక్కలాగా అంతటా సమంగా అరగదు. ముందు టైర్లు మలుపుల్లో అంచుల దగ్గర ఎక్కువగా అరుగుతాయి. లాగే పని లేని వెనుక టైర్ల ట్రెడ్ దిమ్మెలు ఒక వైపు పదునెక్కి రంపపు పళ్లలా తయారవుతాయి. కారు పాతబడే కొద్దీ వినిపించే హోరులో కొంత దీనిదే. ఒక అంచు బోసిపోయిన టైరును, మిగతా భాగంలో ఎంత రబ్బరు ఉన్నా, పారేయవలసిందే. స్థానం మారినప్పుడు ఒక చోట పడిన అసమానతను రెండో చోటు కొంత సరిచేస్తుంది కనుక, వృథాగా పోయే ఆ రబ్బరు వాడకంలోకి వస్తుంది. టైరు ఆయువు పెరగడమంటే ఇదే. నాలుగు టైర్ల పట్టు ఇంచుమించు ఒకే విధంగా ఉండడం మరో లాభం; నన్నడిగితే పొదుపు కంటే ఇదే ముఖ్యం.

ఉక్కు తీగల బెల్టుతో రేడియల్ టైర్లు వచ్చిన తొలి రోజుల్లో వాటి తిరిగే దిశ మార్చవద్దని చెప్పేవారు. ఇప్పటి టైర్లకు ఆ నిబంధన లేదు. ముందు చక్రాలు లాగే కారులో ముందు టైర్లను అదే పక్కన వెనక్కి పంపి, వెనుకవాటిని కుడి ఎడమలు మార్చి ముందుకు తేవాలి. వెనుక చక్రాలు లాగే కారులో ఇదే పని తిరగేసి చేయాలి: వెనుకవి నేరుగా ముందుకు, ముందువి అడ్డంగా మారి వెనక్కి. పక్క గోడ మీద బాణం గుర్తు ఉన్న టైర్లు ఒకే దిశలో తిరగడానికి చేసినవి కాబట్టి వాటిని అదే పక్కన ముందు వెనుకలు మాత్రమే మార్చాలి. ముందూ వెనుకా సైజులు వేరైన కార్లకు ఈ పద్ధతులేవీ పనికిరావు.

సాధారణంగా 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకు ఒకసారి రొటేషన్ చేయిస్తారు, కాని మీ కారు మాన్యువల్ చెప్పిన దూరమే ప్రమాణం. మార్చిన తరువాత గాలి ఒత్తిడి సరిచేయడం చాలామంది మరచిపోతారు; ముందు వెనుకల ఒత్తిడులు వేరుగా ఉన్న కారులో దీనివల్ల కొత్త అరుగుదల మొదలవుతుంది. చక్రాల నట్లను ఎదురెదురుగా, టార్క్ రెంచ్‌తో (బిగువును కొలిచి బిగించే పానాతో) బిగించమని అడగండి. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిపాక మరొకసారి బిగువు చూపించుకోండి.

విప్పినప్పుడు అరుగుదల తీరును తప్పక పరిశీలించండి. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువైందని, నడుమ అరిగితే ఎక్కువైందని, ఒకే అంచు అరిగితే వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణం) తప్పిందని, అక్కడక్కడ గుంటలు పడితే షాక్ అబ్జార్బర్లు బలహీనపడ్డాయనో బ్యాలెన్సింగ్ చెడిందనో అనుమానించాలి. ఈ దోషాలను సరిచేయకుండా రొటేషన్ చేస్తే పాడైన టైరు వెనక్కి పోయి, బాగున్న టైరు అదే దోషానికి బలవుతుంది.

ఇక మీ కారు సంగతి. ముందుగా నాలుగు టైర్ల లోతు కొలిపించండి. తేడా 2 మిల్లీమీటర్లు దాటితే ఇప్పుడు మార్చవద్దనే నా సలహా, ఎందుకంటే అరిగిన జత వెనక్కి పోతుంది. ఆ ప్రమాదం ఏమిటో కింది జవాబులో ఉంది. ముందు జత హద్దుకు చేరినప్పుడు దాన్ని తీసేసి కొత్త జత కొని, ఆ తరువాత నుంచి వేళకు రొటేషన్ చేయించండి.

ప్రశ్న: రెండే కొత్త టైర్లు కొంటే, లాగే చక్రాలు ముందువే కదా అని ముందు వేయించవచ్చా?

జవాబు: వద్దు. ఏ చక్రాలు లాగినా కొత్తవి వెనుకే ఉండాలి. తడి రోడ్డు మీద అరిగిన టైరు నీటిని పక్కకు నెట్టలేక నీటి పొర మీద తేలిపోతుంది. ముందు టైర్లు పట్టు తప్పితే కారు మలుపు తీసుకోకుండా నేరుగా పోతుంది. అది స్టీరింగ్‌లో తెలుస్తుంది, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి వేగం తగ్గిస్తే చాలావరకు పట్టు తిరిగి వస్తుంది. వెనుకవి పట్టు తప్పితే కారు చుట్టూ తిరిగిపోతుంది, దానిని అదుపు చేయడం అనుభవం ఉన్న డ్రైవరుకు కూడా కష్టమే.

ప్రశ్న: స్టెప్నీని కూడా రొటేషన్‌లో కలపవచ్చా?

జవాబు: మిగతా నాలుగింటి సైజు, రకమే అయితే కలపడమే మంచిది. సన్నగా ఉండే తాత్కాలిక స్టెప్నీని మాత్రం కలపకూడదు. ఏళ్ల తరబడి డిక్కీలో ఉన్న స్టెప్నీ అరగకపోయినా ముసలిదవుతుంది కాబట్టి, వేసేముందు పక్క గోడ మీది తయారీ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం.